అల రెండుసార్లు విరుగుతుంది

నేను మార్కులు వేస్తాను. పిల్లల పేపర్లకు కాదు, పనిముట్లకు. కంప్యూటర్ ఆటలు తయారుచేసేవాళ్లు గేమ్ ఇంజిన్ అనే పెద్ద సాఫ్ట్‌వేర్ మీద పని చేస్తారు. అందులో నీళ్లు కావాలన్నా, వాన కావాలన్నా, గడ్డి గాలికి ఊగాలన్నా ప్రతివాళ్లూ మొదటినుంచి రాసుకోరు. ఎవరో ఒకరు రాసి, రాసిన విధంతో సహా లోకానికి ఉచితంగా ఇచ్చేసిన ముక్కలుంటాయి. ఎక్స్‌టెన్షన్లు అంటారు. తెచ్చి తగిలించుకోవడమే. కూర వండి పెట్టడంతో ఆగకుండా దాని పాళ్లు కూడా చెప్పేసినట్టన్నమాట. అలాంటివి వందలున్నాయి. ఏది పనికొస్తుంది, ఏది కొంప ముంచుతుంది అని పక్కపక్కన పెట్టి చూసి, పదికి ఇన్ని అని నా వెబ్ పేజీలో రాస్తాను. తొమ్మిదేళ్లుగా ఇదే పని. నా పేరు వినీల. నెల్లూరులో, దర్గామిట్టలో మేడమీద గది.

నా నోరు మంచిది కాదని చదివేవాళ్లందరికీ తెలుసు. సగం మంది అందుకే చదువుతారు. "జాలికి మార్కులు వెయ్యను" అని పేజీ నెత్తిన రాసి పెట్టాను. పాపం ఉచితంగా ఇచ్చాడు కదా, పోనీలే అంటారు కొందరు. ఉచితంగా పెట్టిన పులిహోరలో రాళ్లుంటే పళ్లు విరగవా? పైగా నాకొక నియమం ఉంది. రాసినవాళ్లు తొమ్మిది నెలలపాటు ముట్టుకోని పనిముట్టు చచ్చిపోయిన పనిముట్టే. దాన్ని నమ్ముకుని ఆట మొదలుపెట్టినవాళ్లు మధ్యలో మునుగుతారు. ఇది నేను పుస్తకంలో చదివి చెప్పేది కాదు, రెండుసార్లు మునిగి చెప్పేది.

ఈ ఏడు మార్చి పంతొమ్మిదిన బెంగళూరు నుంచి ఒక ఉత్తరం వచ్చింది. ఏటా ఒక ఉచిత పనిముట్టును ఎంచుకుని, దాన్ని రాసినవాళ్లు ఏడాదిపాటు వేరే పని చేయనక్కర లేకుండా జీతమిచ్చి కూర్చోబెట్టే సంస్థ అది. ఈసారి నీళ్లు చూపించే ఎక్స్‌టెన్షన్ల వంతు. చివరికి రెండు మిగిలాయి: ఒకటి సీగ్లాస్, రెండోది అలివి. అలివి రాసినవాడికి మూడు ఉత్తరాలు పెట్టినా జవాబు లేదట. నీళ్ల పనిముట్లన్నిటినీ పోల్చిన వ్యాసం మీదొక్కటే దొరికింది, అందులో అలివి చచ్చిపోయింది అని రాశారు, నిజమేనా, ముప్పై ఒకటో తేదీలోగా చెప్పండి అని అడిగారు.

అవును అని ఒక్క మాట రాసి పారేయొచ్చు. నిరుడు మార్చి ఆఖర్లో రాసిన వ్యాసం అది. సీగ్లాస్‌కు ఎనిమిది, అలివికి మూడు. మూడే ఎందుకంటే రెండు కారణాలు. ఒకటి, అందులో అల ఒడ్డుకు చేరకముందే, నడి నీళ్లలో విరిగి నురగైపోతుంది. మళ్లీ ఎక్కడినుంచో లేచి ఒడ్డు దగ్గర ఇంకోసారి విరుగుతుంది. లెక్క తప్పిందని రాశాను. రెండోది, అప్పటికి తొమ్మిది నెలలుగా దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. రాసినవాడి పేరు కూడా సరిగా లేదు, హెచ్, జెడ్ అనే రెండు ఇంగ్లీషు అక్షరాలు, పక్కన గులాబిరంగు కొంగ బొమ్మ. అలివి అంటే ఏ ఫిన్లాండు మాటో అనుకున్నాను. "వదిలేసి పోయారు. చచ్చిపోయింది. వాడకండి" అని ముగించాను.

అయినా మళ్లీ చూడకుండా సంతకం పెట్టే అలవాటు నాకు లేదు. ఇలాంటి పనిముట్లకు ఒక క్యాలెండరు ఉంటుంది. రోజుకొక గడి. పని చేసిన రోజు గడి పచ్చబడుతుంది. అలివి క్యాలెండరు తెరిచాను. నిరుటి ఏడాదంతా తెల్లగా ఉంది, ఒక్క పచ్చ గడి లేదు. నేను చెప్పలేదా అనుకున్నాను. దానికి వెనక ఆరేళ్లూ చూస్తే ఒకటే తీరు. ఏప్రిల్ నడుమ మొదలై జూన్ నడుమ దాకా కిక్కిరిసిన పచ్చ గడులు, మిగిలిన పది నెలలూ తెలుపు. ఎవరో కాలేజీ కుర్రాడు, వేసవి సెలవుల్లో పొద్దుపోక రాసుకున్నాడని తేల్చుకున్నాను. ఒళ్లు మండింది కూడా. సెలవుల సరదాను నమ్ముకుని మనుషులు ఆటలు కట్టుకోవాలా?

ఒక్కటి మాత్రం పొసగలేదు. కరోనా ఏడాది గడులు జూన్ దాకా రాలేదు, మే ముప్పై ఒకటితో ఆగిపోయాయి. ఆ ఏడు కాలేజీలే లేవు. లోకమంతా ఇంట్లో కూర్చుని ఏదో ఒకటి మొదలుపెట్టింది. ఈ మహానుభావుడు రెండు వారాలు ముందే మానేశాడు. ఇంతకంటే సోమరిని చూడలేదని కాగితం మీద రాసుకున్నాను.

అది రాసుకుంటున్నప్పుడే చెంచమ్మ మెట్లెక్కి వచ్చింది. మైపాడు వైపు నుంచి ఆటోలో చేపలు తెచ్చి మా వీధిలో అమ్ముతుంది. యాభై ఏళ్లు దాటిన మనిషి, నాకు చేప కొనడం నేర్పింది ఆవిడే. గిన్నె కిందికి దించుతూ, వంజరం కావాలంటే ఇప్పుడే తినమని, ఇంకో మూడు వారాలు పోతే దొరకదని చెప్పింది.

"ఏప్రిల్ పదిహేను నుంచి వేట బందు గదా పాపా. మళ్లా జూన్ పద్నాలుగు దాటినాకే బోట్లు పొయ్యేది."

ఈ మాట ప్రతి ఏడూ చెబుతుంది. ప్రతి ఏడూ సరేనంటాను. చేపలు గుడ్లు పెట్టే కాలమని ప్రభుత్వం రెండు నెలలు సముద్రంలో వేట ఆపేస్తుందని నెల్లూరులో తెలియనివాళ్లు లేరు. నాకూ తెలుసు, చేప ధర పెరిగే సంగతిగా తెలుసు. ఆ రోజు మాత్రం తెర మీద పచ్చ గడులు ఎదురుగా ఉన్నాయి. మొదటి గడి ఏప్రిల్ పదిహేను. చివరి గడి జూన్ పన్నెండు, పదమూడు, పద్నాలుగు. కరోనా ఏడాది ఏమైందని చెంచమ్మను అడిగాను.

"ఆ ఏడు ముందే వదిలినారు. జనాలు పస్తులుండారని మే నెలాఖరుకే ఆపేసి, ఒకటో తేదీ నుంచి బోట్లు పొమ్మన్నారు. నీకెందుకు పాపా అదంతా?"

సోమరి అని రాసుకున్న కాగితం చింపేశాను.

చెంచమ్మను కుర్చీలో కూర్చోబెట్టి రెండు నీళ్లూ చూపించాను. ముందు సీగ్లాస్. బాగుందంది. పెళ్లి పందిట్లో సిల్కు గుడ్డ గాలికి ఊగినట్టుందంది. కాకపోతే కింద నేల లేనట్టుందే అని అడిగింది. తరవాత అలివి. దాన్ని ముందుకు వంగి చూసింది. తడిచేతి వేలు తెరకు ఆనించి, నేను తప్పని రాసిన నురగ గీతను చూపించింది.

"ఈడ మెరక ఉండాది. ఇసక మేట. అల ఈడ ఒకసారి విరిగి, లోతులో పడి మళ్లా లేసి, ఒడ్డున రెండోసారి విరిగిద్ది. ఆ రెంటి నడుమ బోటు తిప్పడం తెలియకపోతే బోల్తానే. ఇది చేసినోడు సముద్రంలో తిరిగినోడు పాపా."

అలివి అంటే ఏమిటని కూడా అడిగాను. ఒడ్డున రెండు పక్కలా జనం నిలబడి లాగే పెద్ద వల అని చెప్పి, ఆ మాట కూడా తెలియనందుకు నవ్వింది. నవ్వదా మరి. మాది చిల్లకూరు దగ్గర వరి పండించే కయ్యల మధ్య ఇల్లు. సముద్రం అక్కడికి పట్టుమని ముప్పై కిలోమీటర్లు లేదు. కానీ నాకు తెలిసిన నీళ్లు కాలవలో వచ్చి మడవలో పోయేవే. ఆ తెలివితో సముద్రానికి మార్కులు వేశాను.

అతన్ని వెతికి పెట్టమని చెంచమ్మనే బతిమాలాను. నిరుడు ఎందుకు ఖాళీగా ఉందో తెలియకుండా సంస్థకు జవాబు రాయలేను. నిజంగానే వదిలేసి ఉండొచ్చు. చెంచమ్మ ఆ మాటను రేవులో వేలంపాట దగ్గర వేసింది. నాలుగో రోజుకు కబురు తెచ్చింది. వాకాడు అవతల ఒక పట్టపుపాళెంలో, జాలర్ల పల్లెలో, వెంకయ్య అనే ఆయన కొడుకు హజరత్తయ్య, గూడూరులో డిప్లొమా చదివి వచ్చి తండ్రి బోటు మీదే వేటకు పోతాడట. వేట లేనప్పుడు కంప్యూటర్లో సముద్రం చేస్తాడని ఊళ్లో నవ్వుకుంటారట. హెచ్, జెడ్ ఎవరో అప్పుడు తెలిసింది.

ఇరవై ఏడో తేదీన గూడూరు దాకా బస్సు, వాకాడు దాకా ఇంకో బస్సు, అక్కడినుంచి ఆటో. పదకొండు గంటలకు బోట్లు వచ్చేసి ఉన్నాయి. ఇరవై ఎనిమిదేళ్ల మనిషి, ఫైబర్ బోటు నీడలో వల ముందేసుకుని చిరుగులు కడుతున్నాడు. నేనెవరో చెప్పాను. వల పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు.

నా పేజీ మొత్తం చదివాడట. ప్రతి ఏడూ నిషేధం మొదలవగానే ముందు నాది చదివి, లోకంలో ఏ పనిముట్టు ఎట్లా ఉందో తెలుసుకుని, ఆ తరవాతే తన పని తెరిచేవాడట. పొద్దున వలలు కట్టుకోవడం, మధ్యాహ్నం నుంచి ఇది. వేట ఉన్న రోజుల్లో మూడింటికి లేచి సముద్రం మీదికి పోయినవాడికి కంప్యూటర్ ముందు కళ్లు నిలవవు కాబట్టి మిగతా పది నెలలూ దాన్ని దాచిన పెట్టె మూసే ఉంటుంది. ఇదంతా మామూలుగా చెప్పాడు. నిరుటి సంగతి నేనే అడిగాను.

"నిరుడు బోటు ఒడ్డుకు లాగినాక, పెట్టె తెరిచి మీది చదివినా అక్కా. చచ్చిపోయిందని ఉండాది. అన్నీ పోల్చి చూసినోళ్లు చెప్పినారు గదా, మనకు తెలియంది వాళ్లకు తెలిసుంటాదిలే అనుకున్నా. మళ్లా మూసి పెట్టేసినా."

నాకు సిగ్గేసింది. నేను ఆ మాట రాసేనాటికి అలివి బతికే ఉంది. ఇంకో పదిహేను రోజులు ఆగి ఉంటే కళ్లారా చూసేదాన్ని. నేను చచ్చిపోయిందన్నందువల్ల చచ్చిపోయింది. కూసే గాడిద వచ్చి మేసే గాడిదను చెడగొట్టిందని మా అమ్మ అంటుంది. ఆ కూసే గాడిద ఎలా ఉంటుందో ఆ ఎండలో నాకు బాగా తెలిసింది.

నా తప్పు నాకు చెప్పి ఉండొచ్చు కదా, ఉత్తరం రాస్తే దిద్దేదాన్ని కదా అన్నాను. అతను సముద్రం వైపు చూపించాడు. చూశాను. ఒడ్డుకు వంద గజాల అవతల తెల్లటి గీత ఒకటి లేస్తోంది. అది విరిగి, చదునై, అయిపోయిందనుకున్నాక మళ్లీ లేచి మా కాళ్ల దగ్గర విరిగింది. దాని వెనకే ఇంకొకటి, ఇంకొకటి, అన్నీ అట్లాగే.

"ఎదురుగా కనిపించేదాన్ని తప్పు అన్నారు. ఇంక నేనేం చెప్పేది?" అన్నాడు. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అడిగాడు.

బెంగళూరు సంస్థ ఇచ్చే ఏడాది జీతం సంగతి చెప్పాను. ఏడాదంతానా అని రెండుసార్లు అడిగాడు. ఆరేళ్లుగా పోటు, పాటు పెట్టాలని చూస్తున్నాడట. నీళ్లు లేచేటప్పుడు మేట మునిగి, తీసేటప్పుడు బయటపడి, దాన్నిబట్టి అల మారాలి. మొదలుపెట్టి సగానికి వచ్చేసరికి జూన్ పద్నాలుగు వస్తుంది. మళ్లీ ఏడాదికి తెరిస్తే ఎక్కడ ఆపాడో తనకే తెలియదు. రెండు నెలల్లో అయ్యేది కాదక్కా అది అన్నాడు. వాళ్ల నాన్న వెంకయ్య పక్కనే తాడు చుడుతూ అన్నీ విన్నాడు. ఒడ్డున కూర్చోబెట్టి అన్నం పెట్టేవాళ్లుంటే కూర్చోమని, బోటు మీదికి ఇంకొకర్ని చూసుకుంటానని అన్నాడు.

ఇంటికి పోయాం. ఉప్పు గాలికి పాడవకుండా లాప్‌టాప్‌ను రెండు ప్లాస్టిక్ సంచుల్లో చుట్టి ట్రంకు పెట్టెలో బట్టల అడుగున దాచి ఉంచాడు. ఏడాదిగా తెరవనిదాన్ని తీసి తెరిచాడు. సంస్థ పంపిన మూడు ఉత్తరాలూ ఉన్నాయి. అందులో ప్రశ్న ఒక్కటే: గత పన్నెండు నెలల్లో పని ఎందుకు జరగలేదు? నా వ్యాసం చదివి మానేశానని రాయమన్నాను. రాయనన్నాడు. నిజమే కదా, రాయడానికేం అన్నాను, కొంచెం గట్టిగానే.

"ఒకరు ఏదో అన్నారని మానుకున్నోడు, రేపు ఇంకొకరంటే మానుకోడా? నేనైనా అట్టనే అడుగుతా. మీరు రాసినారు, నిజమే. మూసింది మాత్రం నేనే గదక్కా."

వల పనిలో ఉండి చేయలేదు, ఇకమీదట చేస్తాను అని రెండు ముక్కలు రాసి పంపాడు. నేను ఆ రాత్రే నా జవాబు రాశాను. నిషేధం తేదీలు, ఆరేళ్ల గడులు, కరోనా ఏడాది మే ముప్పై ఒకటి, అల రెండుసార్లు విరగడం, నిరుటి ఖాళీకి నా వ్యాసం కారణమని నాకు తెలిసిన సంగతి, ఏదీ దాచలేదు. అలివికి నేను వేసిన మార్కులు తప్పని రాసి సంతకం పెట్టాను. తొమ్మిదేళ్లలో అలాంటి మాట రాయడం అదే మొదలు.

ఏప్రిల్ ఏడున ఫలితం వచ్చింది. సీగ్లాస్. మీ వివరణ మాకు చాలా ఉపయోగపడింది, పనితనంలో అలివి ఏమాత్రం తీసిపోదని ఒప్పుకుంటున్నాం, కానీ ఏడాదికి పైగా ఆగిపోయిన పని మళ్లీ సాగుతుందన్న భరోసా మా నియమాల ప్రకారం మాకు దొరకలేదు అని రాశారు. తిట్టడానికి కూడా లేదు. నా తొమ్మిది నెలల నియమాన్నే వాళ్లు కాస్త మర్యాదగా చెప్పారు.

ఫోన్ చేశాను. చూశానక్కా అన్నాడు. అటు గాలి హోరు, ఎవరో ఐసు పెట్టెలు దించుతున్న చప్పుడు. క్షమించమని అడిగాను. దాన్ని విననట్టే వదిలేసి, మళ్లీ చూసి మార్కులు వేస్తారా, ఈసారి ఎన్ని వేస్తారు అని అడిగాడు.

ఎనిమిది అనేస్తే పోయేది. నోరు రాలేదు. ఏడు అన్నాను. మూడు ఎందుకు తగ్గాయన్నాడు.

"నీ పనిముట్టుకు మాన్యువల్ లేదు హజరత్తయ్యా. నీకు తప్ప ఇంకొకరికి అర్థం కాదు. అల రెండుసార్లు ఎందుకు విరుగుతుందో ఒక్క ముక్క రాసిపెట్టి ఉంటే నేను ఆ కూత కూసేదాన్ని కాదు. పది నెలలు ఎందుకు కనిపించవో ఒక్క ముక్క రాసి ఉంటే ఆ సంస్థ నిన్ను నమ్మేది."

అదీ నిజమేలే అని, ఐసు కరిగిపోతోందని చెప్పి ఫోన్ పెట్టేశాడు. ఆ రోజంతా నా మీద నాకే చిరాకు. కాళ్లు విరగ్గొట్టి, నడక బాగాలేదని చెప్పినట్టుంది నా వరస. కానీ ఏడు ఏడే. పాత వ్యాసాన్ని తీసేయకుండా, తప్పు రాసిన వాక్యాల మీద గీత కొట్టి, కింద కొత్తగా రాశాను.

ఏప్రిల్ పదిహేనున చెంచమ్మ రాలేదు. వీధిలో కోళ్లబండి అరుపు ఒక్కటే వినిపించింది. పొద్దున్నుంచి ఏ పనీ పెట్టుకోకుండా అలివి క్యాలెండరు తెరిచి కూర్చున్నాను. పదకొండు దాకా తెలుపు. అన్నం తిని వచ్చాక తెలుపు. నాలుగు గంటలకు కూడా తెలుపే. ఇంక లేదులే అనుకున్నాను. ఆరు దాటాక ఒక గడి పచ్చబడింది.

మాన్యువల్ పెట్టాడు. ముందు తెలుగులో, కింద ఇంగ్లీషులో, అంతా కలిపి ఒకటిన్నర పేజీ. మొదటి వాక్యం: "ఒడ్డు దగ్గర అల రెండుసార్లు విరుగుతుంది, ఇది తప్పు కాదు." రెండోది: "ఏప్రిల్ పదిహేను నుంచి జూన్ పద్నాలుగు దాకా నేను ఇక్కడ ఉంటాను, మిగతా రోజులు సముద్రం మీద ఉంటాను, జవాబు ఆలస్యమవుతుంది." నమ్మనివాళ్లు వాకాడు వస్తే పడవెక్కిస్తానని చివర్లో రాశాడు.

బాగానే ఉంది. కానీ ఇసుక మేట ఎంత లోతులో ఉండాలో చెప్పే అంకె ఎక్కడ మార్చుకోవాలో రాయలేదు. తనకు తెలుసు కాబట్టి అందరికీ తెలుసనుకున్నాడు. మామూలుగా అయితే అర మార్కు కోసి, ఎందుకు కోశానో నాలుగు వాక్యాలు దులిపేసేదాన్ని. ఇలాంటి పనిముట్లలో ఎవరైనా సరే ఒక ముక్క రాసి రాసినవాడికి పంపొచ్చు, నచ్చితే అతను కలుపుకుంటాడు. అందుకే వాటిని అందరి ముందూ తెరిచి పెట్టేది. తొమ్మిదేళ్లలో నేను ఎవరికీ ఒక్క వాక్యం పంపలేదు. గంటసేపు కూర్చుని, ఆ అంకెను నేను మార్చి చూసి, ఏమేం చేయాలో ఆరు వరసల్లో రాసి పంపాను.

అరగంటలో కలుపుకున్నాడు. పని చేసినవాళ్ల జాబితాలో మొదటినుంచీ ఒంటరిగా ఉన్న పేరు కింద నా పేరు చేరింది. నేను పంపిన ముక్క పక్కన ఒక్క మాట రాశాడు.

"బతికే ఉండాది అక్కా."